దావీదుకు చెప్పని ఎర

"తాతా, మొన్న బందరు పోయినప్పుడు సముద్రం ఒడ్డున నిలబడి పండుగప్పను పడుతుంటే చూసినం. బతికున్న రొయ్యను ఎర పెడుతున్నరు. మన గోదారిల వాలుగకు ఏం పెట్టాలె?"

ఏం పెట్టాల్నా. కూసో, చెప్త. ఆ ఫోను జర దూరం పెట్టు రూతూ, నోటికాడ పెడితే నాకు మాట రాదు. నా మాట దాంట్ల ఎక్కుతున్నదా? సరే. మీ నానమ్మ కూడికకు పోయింది గదా? స్త్రీల కూడికంటే రెండు గంటలు తక్కువ గాదు. మంచిదే. ఆమె ఉంటే నన్ను సగం చెప్పనియ్యదు, మిగిలిన సగం ఆమెనే చెప్తది.

పండుగప్ప మనకాడికి రాదు బిడ్డా. మా తాత అనేటోడు, కింద ఆనకట్ట లేనప్పుడు ఉప్పునీళ్ల చేప గూడ ఎదురెక్కి ఇంతదూరం వచ్చేదని. ఆయన చూసిండా అంటే చూడలే, ఆయన తాత చెప్పిండంట. ఏమో మరి. మనకు వాలుగనే. పొలుసు ఉండదు, రెండు పొడుగు మీసాలు, నోరు చెవుల దాక. ఆ నోట్లె మాత్రం ఏలు పెట్టకు, సన్నపండ్లు రంపం లెక్క ఉంటయి. నువ్వు నర్సువైతే మాయె, నీ ఏలు నువ్వే కుట్టుకుంటవా?

అయితే ఒకటి చెప్పాలె ముందు. రేపు పొద్దుగాల నువ్వు పట్టే వాలుగ నాకు గాదు, మనింటికి గాదు. మన దావీదుకు. నీకు తెల్వనిదేముంది, ఆడు మంచంల పడి నాలుగు నెలలాయె. కుడిచెయ్యి, కుడికాలు పోయినయి. నువ్వే గదా మీ దవాఖానల చూపిచ్చినవు, డాక్టరు ఇగ ఇంటికి తీస్కపొండ్రి అంటే నువ్వే ఆటో కిరాయికి మాట్లాడి తెచ్చినవు. ఆడు వాలుగ కావాలె అన్నడు. కొడుకులను అడగలే, నన్ను అడిగిండు. నా మోకాళ్లు ఒడ్డు దిగనియ్యవు గానీ లేకపోతే నిన్ను పంపుదునా? ఆదివారం సెలవు పెట్టుకొని వచ్చినవు, పోతానంటున్నవు, గందుకే ఇదంత చెప్తున్న.

"అయితే ఎర చెప్పు తాతా."

చెప్తున్న గదనే, తొందరెందుకు. ఎరకంటె ముందు జాగ. జాగ తప్పితే నువ్వు బంగారం గుచ్చినా తినది. మన కిన్నెరసాని గోదారిల కలుస్తది చూడు, ఆ మూల. ఇప్పుడు ఇసుక లారీలు తిరిగి తిరిగి ఒడ్డంత కోసుకపోయింది, నా చిన్నప్పుడు ఆడ పెద్ద మద్దిచెట్టు ఉండె. నాకు ఇరవై ఏండ్లు రాకముందె చెట్టు పోయింది, మోడు మాత్రం నీళ్లల్ల ఉంది. తొలి వానలు పడ్డంక గోదారి ఎర్రగ వస్తది. కిన్నెరసాని అడివిలనుంచి వస్తది గాబట్టి దాని నీళ్లు తేటగ ఉంటయి. రెండు కలిసే కాడ గీత గీసినట్టు కనపడ్తది, చూస్తె నీకే తెలుస్తది. వాలుగ ఆ గీతకు ఎర్రనీళ్ల దిక్కు దాక్కుంటది. తేటనీళ్లల్ల చిన్నచేపలు ఆడుతుంటే అక్కడినుంచి చూస్తది. నువ్వు గాలం ఎర్రనీళ్లల్ల ఎయ్యొద్దు. తేటనీళ్లల్ల ఎయ్యి, అదే కొట్టుకుంటపోయి గీత దాటాలె. మోడుకు మూడు బారల దూరం. దగ్గరేస్తె తీగ ఏర్లకు తట్టుకుంటది, ఇగ నువ్వు, మోడు, మీ ఇద్దరికే కొట్లాట.

నువ్వు తెచ్చిన ఆ మిషిను కట్టె ఉందే, చక్రం తిప్పేది, అది నాకు తెల్వదు. మేము చేతితోనే ఇసిరేది. పావలాకు మూడు గాలాలు వచ్చేటియి భద్రాచలంల. నాలుగో మూడో, మూడే. దారం కింద జానెడు సైకిల్ బ్రేకు తీగ కట్టేది, లేకపోతే ఆ పండ్లకు దారం టప్పున తెగుతది. మా నాయిన సైకిలుకు బ్రేకు ఎప్పుడూ ఉండకపోయేది, ఎందుకంటే ఆ తీగంత నా గాలాలల్లనే ఉండేది. ఒకసారి ఆయన సైకిలు దిగుడుల ఆగక పోయి చర్చి గోడకు గుద్దుకున్నడు. పాస్టరు గారు బయటికొచ్చి, ఏందయ్యా ప్రార్థనకు ఇంత తొందర అన్నడు. నాయిన నా ఈపు పగలగొట్టిండనుకో.

ఆ, ఎర. ఎర్రలు పెడితే చిన్న చేపలొస్తయి. కోడిపేగులు పెడితే ఎండ్రకాయలు, తాబేళ్లు పీక్కతింటయి. కప్పపిల్ల మంచిదే గానీ అది వానలు ముదిరినంక. తొలి ఎర్రనీళ్లల్ల వాలుగకు ఒకటే ఎర. జెల్ల. బతికున్న జెల్లపిల్ల, నీ ఏలంత. నవ్వకు. అందరూ నీలెక్కనే నవ్వుతరు, ముల్లున్న జెల్లను ఏ చేప మింగుతదని. నేను పదిహేడేండ్ల పోరన్నప్పుడు ఒక వాలుగను కోస్తే దాని కడుపుల మూడు జెల్లలున్నయి, ముండ్లతోటి. ఆ దినం తెలిసింది నాకు. ఎవ్వనికీ చెప్పలే. ఇయ్యాల సాయంత్రం ఎర్రలతోని నాలుగు జెల్లలు పట్టి బకీట్ల ఏసుకో. రెండు పక్కలకు రెండు ముండ్లు, ఈపు మీద ఒకటి. పటకారుతోని కొసలు విరువు, మొదలు విరిస్తే సచ్చిపోతది. ఈపుముల్లు ఎనక కండల గాలం గుచ్చు, లోతుకు పోనియ్యకు. అది ఈదాలె. ఈదకపోతే వాలుగ దిక్కు గూడ చూడది.

ఎవ్వనికీ చెప్పలే అన్నగదా. అండ్లనే ఉన్నది అసలు సంగతి.

మా ఒడ్డు మీద ఒక పద్ధతి ఉండె. ఎవడన్న ఎర ఏందిరా అనడిగితే అబద్ధం చెప్పుడే. జెల్ల పెడితే ఎర్ర అంటం, ఎర్ర పెడితే పిండిముద్ద అంటం. అడిగినోనికి గూడ తెలుసు ఇది అబద్ధమని. నవ్వుకుంట పోతడు. దాంట్ల తప్పు పట్టుకునేటోడు లేడు. కానీ ఇంట్ల రోగమున్నా, చుట్టాలొస్తున్నా, అవసరమనుకో, అప్పుడు ఆడు తన గాలం తెచ్చి నీ చేతుల పెడతడు. చేతుల పెట్టి అడుగుతడు. గట్ల అడిగితే మాత్రం నిజం చెప్పాలె. జాగ చెప్పాలె, ఎర చెప్పాలె, ఆ గాలం నువ్వే కట్టియ్యాలె. పగోడైనా సరే చెప్పాలె. అది దాటినోన్ని నేను చూడలే. నన్ను తప్ప.

దావీదు, నేను ఒక్క ఈడోళ్లం. మిషను బడిల ఒకటే బల్ల, ఒకటే పలక గూడ కొన్నిదినాలు. ఆనికి ఇరవై రెండు నడుస్తున్నది. ఇల్లందుల క్రిస్మస్ సభలకు పోయినప్పుడు ఒక పిల్ల పాట పాడంగ చూసిండు. బొగ్గుబాయి మీద పనిచేసేటాయన బిడ్డ. అప్పటినుంచి ఆని నోట్లె అదే పాట, సగం రాదు ఆనికి, వచ్చిన సగమే పాడేటోడు. పాస్టరు గారు మాట కలిపిండు. పిల్ల నాయిన, మేనమామ ఇల్లు చూసేతందుకు వస్తున్నరు. దావీదు నాయిన ఊకుంటడా, పాస్టరు గారి ముందర గొప్పకు పోయిండు, మావోడు వాలుగ పట్టి పులుసు పెడతడు, మీరు జన్మల తినలేదు గట్లాంటిది అని కబురు పెట్టిండు. వచ్చేది తెల్లారి అయితే ఆడు ముందటి దినం సాయంత్రం మా ఇంటికొచ్చిండు.

నేను అరుగు మీద తీగ పురి పెడుతున్న. ఆడొచ్చి తన గాలం తీసి నా చేతుల పెట్టిండు. సామేలూ, రేపు నాకు వాలుగ పడాలెరా, పిల్ల నచ్చింది నాకు అన్నడు. గంతే అన్నడు.

నేనేం చేసిన? ఎగువ రాయిమడుగు కాడ కూసో, కోడిపేగులు పెట్టు అని చెప్పిన.

ఎందుకంటే చెప్త, సిగ్గు లేకుండ చెప్త. ఆ మోడు కాడ ఒక పెద్ద వాలుగను పదిదినాలనుంచి చూస్తున్న. దాని ఈపు నీళ్లమీద తేలుతుంటే నిద్ర పట్టకపోయేది. నిజం చెప్తే ఆడు ఆ మోడు కాడికే పోతడు, దాన్నే పడతడు. నాకు పిల్ల సంగతి యాదికే లేదు, ఆ పిల్ల ఎవరో నాకేం తెలుసు. నాకు చేప మీద పిచ్చి. ఆని గాలం నా చేతులతోనే కట్టిచ్చిన మల్ల, ముడి గట్టిగ ఏసి.

తెల్లారి ఆడు రాయిమడుగు కాడ, నేను మోడు కాడ. పొద్దు నెత్తిమీదికి వస్తుండంగ గుంజింది. నేను గుంజుతున్ననా అది నన్ను గుంజుతున్నదా తెల్వలే. నడుంలోతు దిగిన. ఒడ్డుకేస్తే నా గదవ కాడికి ఉన్నది పొడుగు. భుజం మీదేసుకుంటే తోక నా మోకాలి ఎనక కొట్టుకుంటున్నది. ఖుషీ అంటే అది ఖుషీ. ఊరంత చూడాల్నని పెద్దబజారునుంచే పోయిన, పొలాలెంబడి దారున్నా పోలే. పెద్దబజారుల దావీదు ఇల్లు పడ్తదని తెలుసు నాకు. తెలిసే పోయిన.

అప్పటికి చుట్టాలు లేసి పోతున్నరు. వాలుగ లేదు, పప్పు, ఎండుచేపలు పెట్టిండ్రు. దావీదు ఉత్తచేతులతోని పదింటికొచ్చిండంట. పిల్ల నాయిన మంచోడే గానీ ముక్కుమీద కోపం మనిషి. కూర లేదని గాదయ్యా, చెప్పిన మాట నిలబడని ఇల్లు, ఈ సంబంధం వద్దు అన్నడంట. ఆయన బస్సుకు నడుస్తున్నడు, నేను ఎదురుగ చేపతోని. ఆగిండు. ఎవరి పిలగానివిరా నువ్వు, అన్నడు. నేను చెప్పిన. చేపను పైకి కిందికి చూసిండు, నన్ను గూడ గట్లనే చూసిండు. ఎనక వాకిట్ల దావీదు నిలబడి ఉన్నడు. ఆని మొకం నేను చూడలే. చూడొద్దనే చూడలే.

ఇగ తెలిసిపోయింది గదా నీకు. మరుసటి ఎండాకాలం పాస్టరు గారు ఆ పిల్ల సంబంధం తీస్కొని మా ఇంటికొచ్చిండు. ఆ పిల్లనే మీ నానమ్మ.

అవ్, ఆమెకు తెలుసు. పెండ్లయిన ఏడాదికి చెప్పిన. ముందు నవ్వింది. మూడోదినం అన్నం పెట్టుకుంట, పోయి దావీదన్నకు చెప్పిరా అన్నది. పోత అన్న. యాభై ఏండ్లు పోత పోత అనుకుంటనే ఉన్న. ఆమె గూడ యాష్టకొచ్చి అడుగుడు మానేసింది. ఏమని పోదును? నా పెండ్లిల ఆడే బిందెలు మోసిండు, ఆడే వడ్డించిండు. తర్వాత ఆనికి సత్తుపల్లి దిక్కు సంబంధం కుదిరింది, మరియమ్మ వచ్చింది, బంగారంలాంటి మనిషి. పిల్లలు, మనవలు, ఆనికేం తక్కువ లేదు. కష్టానికి సుఖానికి మా ఇంటికి ఆడే ముందొచ్చిండు. మీ నాయిన్ని పాము కరిస్తే భుజానేసుకొని దవాఖానకు ఉరికింది ఎవరనుకున్నవు, నేననుకున్నవా? నేను ఏడ్చుకుంట ఎనక పోయిన.

కానీ ఒకటి. ఆ దినం తర్వాత ఆడు మల్ల గాలం పట్టలే. ఒక్కసారి గూడ. నేను పిలిస్తే నడుం నొప్పంటడు, పనుందంటడు. ఒడ్డుకొచ్చి నా పక్కన కూసుంటడు, చుట్ట తాగుతడు, గాలం మాత్రం ముట్టడు. ఆడు పక్కనుంటే నేను గూడ ఎర్రలే గుచ్చేటోన్ని, జెల్లను బయటికి తియ్యకపోయేటోన్ని. పిల్ల పోయిన బాధేమో అనుకున్న. నాకు గట్లనే అనుకునుడు సులువుగ ఉండె.

మొన్న ఆదివారం ఆరాధన అయిపోంగనే పోయిన. మరియమ్మను జర బయట కూసోమన్న. మంచం పక్క కూసొని మొత్తం చెప్పిన. మోడు, జెల్ల, ఆని గాలం నా చేతుల పెట్టినంక గూడ నేను చెప్పిన మాట. అంత చెప్పిన. ఆడు కండ్లు మూసుకొనే ఉన్నడు. పండుకున్నడేమో అనుకున్న. చూస్తే కంటి కొసనుంచి నీళ్లు కారుతున్నయి. ఆని మాట ఇప్పుడు ముద్దముద్దగ వస్తది గదా, మీదికి వంగి ఇనాలె.

ఏమన్నడో తెలుసా? పిల్ల సంగతి ఎత్తనే లేదు. యాభై ఏండ్లు నా చెయ్యే మంచిది గాదనుకున్ననురా, అన్నడు.

అర్థమైందా బిడ్డా. గాలం చేతుల పెట్టి అడిగిండు గాబట్టి నేను నిజమే చెప్పిననుకున్నడు. జాగ మంచిదే, ఎర మంచిదే, కట్టిన ముడి మంచిదే. మరి పడకపోవుడేంది? ఇగ తన చేతులనే ఏదో ఉందని అనుకున్నడు. చేపలే గాదంట. కొత్త దూడను ముట్టకపోయేటోడంట. విత్తనాలు మరియమ్మతోని చల్లిచ్చేటోడంట. నేను చూసిన అవన్నీ. ఆడు విత్తనం చల్లకపోవుడు నా కండ్లతోని చూసి గూడ, బద్దకం ఎక్కువైందిరా నీకు అని ఎక్కిరిచ్చిన.

నేను ఏడ్చిన రూతూ. డెబ్బై దాటినోన్ని, ఆని మంచం పట్టె మీద తలపెట్టి ఏడ్చిన. ఆడే ఎడమచేతితోని నా తల మీద తట్టిండు. తర్వాత మల్ల ఏదో అన్నడు, రెండుసార్లు అడిగితే గానీ తెల్వలే. జెల్లనా, అంటున్నడు. ముల్లున్న జెల్లనా. మూతి ఒక దిక్కే నవ్వుతది గదా ఇప్పుడు ఆనికి, గట్లనే నవ్విండు. నవ్వి, దాంతోని ఒక వాలుగను పట్టి తెచ్చి చూపెట్టు అన్నడు.

తినలేడని నాకు తెలుసు. మింగుడు పడదని నువ్వే చెప్తివి. కొయ్యకుండ మొత్తం చేపను ఆని ముందల పెట్టాలె, గంతే.

నిన్న మల్ల పోయిన, ఇగో ఈ గాలం, తీగ తీస్కపోయి ఆని ఎడమచేతుల పెట్టిన. నువ్వే కట్టు అన్న. గంటసేపు కట్టిండు. ఒక కొస పండ్లతోని పట్టుకున్నడు. చెమటలు పట్టినయి, మరియమ్మ తుడుస్తున్నది, నేను సాయం పట్టబోతె కండ్లతోనే వద్దన్నడు. చూడు, ముడి వదులుగనే ఉంది. నేను బిగియ్యలే. నువ్వు గూడ ఇప్పకు. దానిమీద ఇంకో రెండు ముడులు నువ్వు వేసుకో, దవాఖానల వేసే ముడి ఉంటది గదా, గట్టిది. ఆనిది మాత్రం లోపల గట్లనే ఉండాలె. ఆని చెయ్యి కట్టిన గాలానికే పడాలె అది.

నాకు ఆ భయమే పట్టుకున్నది ఇప్పుడు. పడకపోతే ఏం చెప్పాలె? తొలి నీళ్లు మొన్ననే వచ్చినయి, జాగ అదే, ఎర అదే, ఒకటుంటే పడాలె. కానీ ఆ ఇసుక లారీలొచ్చినంక మోడు కాడ వాలుగ ఉన్నదో లేదో నేను చూసి ఎన్నేండ్లాయె. పడలేదంటే ఆడు మల్ల తన చెయ్యి మీదనే ఏసుకుంటడు. బజార్ల కొని తెచ్చి ఇదే పడ్డదని చూపెడుదునా అంటే, ఇగ నా నోటితోని ఆనికి ఇంకో అబద్ధం చెప్పలేను. మీ నానమ్మను అడిగితే ప్రార్థన చెయ్యి అంటది. చేస్తున్న. చేప కోసం ప్రార్థన చెయ్యొచ్చో లేదో తెల్వదు గానీ చేస్తున్న.

లే ఇగ, జెల్లలకు పోవాలె నువ్వు, పొద్దు గుంకుతది. ఇటురా, తల వంచు. దేవుడు నీకు తోడుండాలె, నీ చేతుల్ని ఆశీర్వదించాలె. నూరేండ్లు చల్లగ ఉండు బిడ్డా. ఒడ్డు జారుతది, చెప్పులు ఇడిసి దిగు. పడినా పడకున్నా పదింటికల్ల రావాలె, ముందు దావీదు ఇంటికే రా. నేను ఆడనే ఉంట, ఆని మంచం పక్కన.